పేపరోడా, పార్టీవోడా?

మా భోగాపురం జంక్షన్లో ఒక టీ బడ్డీ ఉండేది. నా చిన్నప్పటి సంగతి. తెలతెలవారుతుండగా విశాఖపట్నం వైపు నుంచి వచ్చే బస్సు అక్కడ ఆగేది కాదు, కాస్త నెమ్మదించేది. కండక్టరు ఒక చేత్తో తలుపు కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో పురికొసతో కట్టిన పేపర్ల కట్టను రోడ్డు వారకి విసిరేవాడు. పై పేపరు ఒక అంచున చిరిగిపోయేది. ఆ చిరిగినదే టీ బడ్డీ వాటా. అక్షరం ముక్క వచ్చినవాడు ఒకడు చదివితే పదిమంది వినేవారు. బడ్డీ నడిపే ముసలాయన్ని ఊరంతా మావా అనే పిలిచేది. ఆయనకి చదువు లేదు. కానీ సంపాదకీయం చదువుతున్నప్పుడు గ్లాసులు కడగడం ఆపి మరీ వినేవాడు. అంతా విని ఒకే ప్రశ్న అడిగేవాడు.

"బావూ, ఇది రాసినోడు పేపరోడా, పార్టీవోడా?"

ఇప్పుడు విమానాశ్రయం పుణ్యమా అని భోగాపురం పేరు పేపర్లో తరచూ కనిపిస్తోంది. అప్పట్లో మా ఊరి పేరు అచ్చులో కనబడాలంటే లారీ బోల్తా పడాలి, లేదా తుపాను రావాలి. పేపరంటే ఎక్కడివాళ్ళో ఎక్కడో రాసేదని మా నమ్మకం. మా జంక్షన్ నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయనగరంలో పుట్టిన ఒకాయన, గంగాయమునలు కలిసేచోట కూర్చుని పేపరు నడిపి, దాని మీదుగా మంత్రి అయ్యాడని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. మావ ప్రశ్న ఆయన్ని అడిగి ఉంటే బాగుండేది. ఇవాళ్టి నా ప్రసంగం ఆయన గురించే.

పేరు చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి. పేరు చెప్పగానే వచ్చే చిక్కొకటుంది. మా తట్టు ఏ ఊళ్ళోనైనా చింతామణి అన్నారంటే చాలు, కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం గుర్తొస్తుంది, సుబ్బిశెట్టి గుర్తొస్తాడు, హార్మోనియం మోగుతుంది. విజయనగరంలో నేను ఒకరిద్దరిని సి.వై. చింతామణి గురించి అడిగాను. "ఏ సమాజం వారు వేస్తున్నారండీ?" అని ఎదురు ప్రశ్న వేశారు. నవ్వొచ్చింది, కొంచెం బాధగానూ అనిపించింది.

ఆయన 1880 ఏప్రిల్ 10న పుట్టాడు. ఆ రోజు ఉగాది అని చెబుతారు. తండ్రి రామసోమయాజులుగారు వేదపండితుడు, విజయనగరం సంస్థానంలో గురుస్థానంలో ఉన్నవారు. అలాంటి ఇంట్లో పిల్లవాడు పనసలు వల్లిస్తాడు, లేకపోతే మహారాజా కళాశాలలో చదివి గుమాస్తానో ప్లీడరో అవుతాడు. ఈయన కళాశాలలో చేరాడు గాని పట్టా వరకూ వెళ్ళలేదు. ఇరవై ఏళ్ళు నిండకముందే విశాఖపట్నంలో వైజాగ్ స్పెక్టేటర్ అనే ఇంగ్లీషు పత్రికకు సంపాదకుడయ్యాడు. ఆ తర్వాత దాన్ని తనే తీసుకుని విజయనగరానికి తరలించి, ఇండియన్ హెరాల్డ్ అని పేరు మార్చి నడిపాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. అచ్చొత్తడం అంటే ఆ కాలంలో ఏమిటో నా కంటితో చూసినంత మేరకు చెబుతాను. మా మేనమామతో కలిసి శుభలేఖలు వేయించడానికి విజయనగరంలో ఒక చిన్న ప్రెస్సుకి వెళ్ళాను. చీకటి గది, సిరా వాసన, కిరసనాయిలు వాసన. ఏటవాలుగా పెట్టిన చెక్క అరల పెట్టె, ఒక్కో అరలో ఒక్కో అక్షరం. కంపోజిటరు అరల వంక చూడకుండానే సీసపు అక్షరాలను ఒక్కొక్కటీ తీసి, ఎడమ చేతిలోని స్టిక్కులో తలకిందులుగా పేరుస్తున్నాడు. పెళ్ళికొడుకు పేరు పేర్చడానికే నేను తెచ్చుకున్న జీళ్ళ పొట్లం అయిపోయింది. అచ్చయ్యాక ఆ అక్షరాలన్నీ మళ్ళీ ఊడదీసి దేని అరలో దాన్ని వేయాలి. ఒక శుభలేఖకే ఇంత తతంగం. అలాంటిది నాలుగు పేజీల పేపరు, అదీ వారం వారం! రాసేదీ, ప్రూఫులు దిద్దేదీ, చందాలు వసూలు చేసేదీ ఒక్క కుర్రాడే అయితే? విజయనగరంలో ఆ రోజుల్లో ఇంగ్లీషు చదివే ఇళ్ళు ఎన్ని ఉంటాయి? పత్రిక నిలబడలేదు. నిలబడకపోవడంలో వింతేమీ లేదు.

మా జిల్లాల వాళ్ళకి వలస కొత్త కాదు. పొట్ట చేతపట్టుకుని రంగూన్ వెళ్ళినవాళ్ళున్నారు, ఖరగపూర్ వెళ్ళినవాళ్ళున్నారు. ఈయన కలం చేతపట్టుకుని వెళ్ళాడు. మొదట మద్రాసు చేరి, హిందూ పత్రిక స్థాపకుల్లో ఒకరైన జి. సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గర మద్రాస్ స్టాండర్డ్‌లో పనిచేశాడు. 1901లో, ఇరవై ఒక్క ఏళ్ళకే, సంఘ సంస్కరణ మీద దేశంలోని పెద్దల వ్యాసాలూ ప్రసంగాలూ కూర్చి ఒక పెద్ద ఇంగ్లీషు సంకలనం తెచ్చాడు. సోమయాజులుగారి అబ్బాయి స్త్రీవిద్య గురించీ వితంతు వివాహాల గురించీ పెద్దలు చెప్పిన మాటలు ఏరి కూర్చడం! ఇంట్లో ఏమనుకున్నారో గాని, బయట మాత్రం పెద్దల కంట పడ్డాడు. ఆ తర్వాత అలహాబాద్. అక్కడ సచ్చిదానంద సిన్హా పత్రిక ఇండియన్ పీపుల్‌లో చేరాడు. 1909లో మదనమోహన మాలవీయగారు లీడర్ అనే దినపత్రిక తలపెట్టారు. ఇండియన్ పీపుల్ అందులో కలిసిపోయింది. అక్టోబరు 24న, విజయదశమి నాడు, మొదటి సంచిక వచ్చింది. ఇక్కడ విజయనగరంలో పైడితల్లి సిరిమాను సంబరానికి జనం బళ్ళు కట్టుకుని బయల్దేరే రోజులవి. అక్కడ మన ఊరివాడు ఇరవై తొమ్మిదేళ్ళకి దినపత్రిక నెత్తికెత్తుకున్నాడు.

ఎత్తుకున్న బరువు దించలేదు. లీడర్ అంటే చింతామణి, చింతామణి అంటే లీడర్ అన్నట్టు తయారైంది. వి.ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు ఆయన్ని భారతదేశపు పాత్రికేయుల పోప్ అన్నారు. అంటే ఆయన మాటకి తిరుగులేదని. కాగితం ముక్క చేతిలో లేకుండా బడ్జెట్ అంకెలు, తేదీలు, పాత తీర్మానాలు గడగడా అప్పజెప్పేవాడని ప్రసిద్ధి. నాకైతే అది వేదం వల్లించిన ఇంటి నుంచి వచ్చిన ధారణే అనిపిస్తుంది. పనసల బదులు ప్రభుత్వ లెక్కలు పట్టుకున్నాడు, అంతే.

సరే, ఇక రాజకీయం. పత్రిక నడిపేవాడికి చట్టసభ మీద కన్ను పడటం మన దగ్గరే మొదలైన జబ్బు కాదు. ఈ విషయంలో చింతామణికి తాత లాంటివాడు ఒకడు అమెరికాలో ఉన్నాడు. పేరు హొరేస్ గ్రీలీ. తమాషా చూడండి, ఆయన న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక మొదటి సంచిక వచ్చింది 1841 ఏప్రిల్ 10న. మన చింతామణి పుట్టిన తేదీయే. గ్రీలీ కూడా పేదరికంలో పుట్టి, అక్షరాలు పేర్చే పనితో మొదలుపెట్టి, చిల్లర డబ్బులతో న్యూయార్క్ చేరినవాడు. బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. కార్ల్ మార్క్స్ లండన్ నుంచి వ్యాసాలు రాసి పంపింది ఈయన పేపరుకే. కానీ గ్రీలీకి కుర్చీ మీద ఆశ ఎక్కువ. గవర్నరు కావాలి, సెనేటరు కావాలి, ఏదో ఒకటి కావాలి. దక్కింది మాత్రం 1848 డిసెంబరు నుంచి 1849 మార్చి దాకా, మూడు నెలల కాంగ్రెస్ సభ్యత్వం.

ఆ మూడు నెలల్లో ఆయన చేసిన పని వింటే మన ఆఫీసుల్లో చాలామంది ఉలిక్కిపడతారు. సభ్యులకి ఊరి నుంచి రాజధానికి రావడానికి మైలుకి ఇంత అని ప్రయాణ భత్యం. కొందరు దగ్గరి దారిలో వచ్చి చుట్టుదారికి లెక్క కట్టేవారు. మన భాషలో టీఏ బిల్లు. గ్రీలీ ఏం చేశాడంటే, తపాలా దారి ప్రకారం ఎవరిది ఎన్ని మైళ్ళు, ఎవరు ఎంత ఎక్కువ రాబట్టారు, పేర్లతో సహా తన పత్రికలో పట్టీ వేశాడు. అందులో అబ్రహాం లింకన్ పేరు కూడా ఉంది. సభలో ఉండి సభ గుట్టు విప్పాడు. మా టీ బడ్డీ మావ ఉంటే "ఈడు పేపరోడే" అని తేల్చేసేవాడు.

కానీ 1872 వచ్చేసరికి అదే గ్రీలీ ఏకంగా అధ్యక్ష పదవికే నిలబడ్డాడు. లిబరల్ రిపబ్లికన్లనే కొత్త చీలిక పార్టీ నిలబెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా తను తిట్టిపోసిన డెమొక్రాట్లూ ఆయన్నే బలపరిచారు. ఎదురుగా జనరల్ గ్రాంట్. ప్రచారం కోసం సంపాదకత్వం వైట్‌లా రీడ్ అనే శిష్యుడికి అప్పగించి వెళ్ళాడు. అక్టోబరు చివర భార్య చనిపోయింది. నవంబరు 5న ఎన్నికలు. ఆరు రాష్ట్రాలు తప్ప అన్నీ పోయాయి. ఓడిపోయి పత్రికకి తిరిగొస్తే, అక్కడ పదవుల కోసం తిరిగేవాళ్ళని ఎగతాళి చేస్తూ ఒక వ్యాసం పడి ఉంది. అది నా మాట కాదు అని గ్రీలీ ఖండన రాసిచ్చాడు. రీడ్ దాన్ని వేయలేదు. ముప్ఫై ఏళ్ళు తను నడిపిన పేపర్లో తన నాలుగు ముక్కలకి చోటు లేదు! నవంబరు 29న గ్రీలీ చనిపోయాడు. ఎలక్టర్ల ఓట్లు లెక్కపెట్టే నాటికి అభ్యర్థే లేడు. అమెరికా చరిత్ర అంతగా ఎరగని నాకు కూడా ఆ అచ్చుకాని ఖండన ఒక్కటి మనసులో ముల్లులా ఉండిపోయింది.

మన చింతామణి కథ ఇంత విషాదం కాదు. కానీ అందులోనూ ఒక ముల్లుంది.

1916 నుంచే ఆయన సంయుక్త రాష్ట్రాల శాసనమండలి సభ్యుడు. ఇప్పటి ఉత్తరప్రదేశ్ అన్నమాట. 1918లో మాంటేగు సంస్కరణలు వస్తున్నాయనగా కాంగ్రెస్ చీలింది. ఇచ్చినది పుచ్చుకుని మిగతాది అడుగుదాం అన్న మితవాదులు లిబరల్ ఫెడరేషన్ పెట్టుకున్నారు. చింతామణి అందులో ముఖ్యుడు. 1920లో అధ్యక్షుడు కూడా. లీడర్ పత్రికకి మొదట్లో డైరెక్టర్ల బోర్డు అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ. ఆయనకి ఈ మెత్తదనం గిట్టలేదు. 1919 ఫిబ్రవరిలో లీడర్‌కి పోటీగా అదే అలహాబాద్‌లో ఇండిపెండెంట్ అనే దినపత్రిక పెట్టాడు. ఒకే ఊళ్ళో రెండు ఇంగ్లీషు దినపత్రికలు, ఒకదాని కత్తి ఇంకొకదాని మీద.

1921లో కొత్త చట్టం కింద చింతామణి విద్య, పరిశ్రమల మంత్రి అయ్యాడు. ఆ ఏర్పాటుని ద్వంద్వ ప్రభుత్వం అన్నారు. విద్య, ఆరోగ్యం లాంటివి మన మంత్రులకి. పోలీసు, ఖజానా గవర్నరు మనుషులకి. పెళ్ళి పెద్దరికం ఒకరికిచ్చి, బీరువా తాళాలు ఇంకొకరి మొలకి కట్టినట్టు. అందులోనే ఈయన చేతనైనంత చేశాడు. హైస్కూలు, ఇంటర్మీడియెట్ చదువుల కోసం బోర్డు పెట్టే చట్టం 1921లో వచ్చింది. ఇవాళ లక్షల మంది పిల్లలు పరీక్షలు రాసే యూపీ బోర్డు అదే. పట్టా పుచ్చుకోని మనిషి చేతుల మీదుగా పట్టాల దారి పడింది.

ముల్లు ఎక్కడంటే, అదే 1921 డిసెంబరులో. సహాయ నిరాకరణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. డిసెంబరు 6న మోతీలాల్‌నీ, జవహర్‌లాల్‌నీ అరెస్టు చేశారు. ఇండిపెండెంట్ పత్రిక మీద ప్రభుత్వం విరుచుకుపడింది. డిపాజిట్ జప్తు చేసి అచ్చు ఆపించింది. అప్పుడు గాంధీగారి కార్యదర్శి మహాదేవ్ దేశాయ్ ఆ పత్రికను చేతిరాతతో తీశాడు. అక్షరాలు పేర్చనివ్వకపోతే చేత్తో రాస్తాం అని! ఆయనకి ఏడాది జైలు పడింది.

ఆ పని చేసిన ప్రభుత్వంలో చింతామణి మంత్రి. పోలీసు శాఖ ఆయనది కాదు, నిజమే. జప్తు కాగితం మీద ఆయన సంతకమూ కాదు. కానీ ఆ బల్ల చుట్టూ వేసిన కుర్చీల్లో ఆయనదీ ఒకటి. విజయనగరంలో చేతులకి సిరా పూసుకుని పత్రిక బతికించుకోలేక మూసుకున్న మనిషి. ఎదుటి పత్రిక మూతపడుతుంటే ఆయన మంత్రివర్గంలో కూర్చునే ఉన్నాడు. ఆయన్ని పొగుడుతూ రాసేవాళ్ళు ఈ పేజీ తిప్పేస్తారు. నేను తిప్పలేను. ఆ నెలలో మావ ప్రశ్నకి జవాబు ఒకటే. పార్టీవోడు.

అయితే కథ అక్కడ ఆగలేదు కాబట్టే ఆయన గురించి మాట్లాడాలనిపించింది. 1923లో గవర్నరుతో పొసగక, తోటి మంత్రి జగత్ నారాయణ్‌తో కలిసి రాజీనామా చేశాడు. కుర్చీ దానంతటది కదిలే దాకా పట్టుకు వేలాడలేదు. మరుసటి ఏడు ఈ ద్వంద్వ ప్రభుత్వం తీరు తెలుసుకోవడానికి మడ్డిమన్ కమిటీ వేశారు. దాని ముందు చింతామణి వెళ్ళి, మంత్రిగా తను చూసిన లోటుపాట్లన్నీ చెప్పి, ఇది నడిచే బండి కాదని తేల్చాడు. నిన్నటిదాకా తను ఎక్కిన బండినే. గ్రీలీ టీఏ బిల్లుల పట్టీ వేసినట్టు, ఈయన లోపల చూసింది బయట చెప్పాడు. నా మటుకు నాకు ఆయన జీవితంలో అసలైన సంపాదకీయం అదే. పేపర్లో రాయకపోయినా.

గ్రీలీకి లేని అదృష్టం ఇంకొకటి ఈయనకుంది. తిరిగి వస్తే పత్రిక ఉంది, బల్ల ఉంది, కలం ఉంది. మళ్ళీ లీడర్‌లో కూర్చున్నాడు. రాజీనామా చేసిన ఏటి ఎన్నికల్లోనే స్వరాజ్య పార్టీ వాళ్ళు లిబరళ్ళని ఊడ్చేశారు. సైన్యం లేని సేనాపతులని లిబరళ్ళ మీద పరిహాసం. ఉన్న పదిమందీ నాయకులే, వెనక నడిచేవాడు లేడు. అది నిజం కూడా. అయినా 1927 నుంచి 1936 దాకా అక్కడి శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడు చింతామణే. సైమన్ కమిషన్ని వెలి వేసిన లిబరళ్ళలో ఉన్నాడు. 1930లో లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళాడు. మంత్రిగా ఉన్నది రెండేళ్ళ పైచిలుకు. ప్రతిపక్షంలో తొమ్మిదేళ్ళు. సంపాదకుడు కూర్చోదగ్గ బెంచీ ఏది అంటే నేను రెండోదే చూపిస్తాను.

తెలుగువాళ్ళలో కలం నుంచి కుర్చీకి వెళ్ళినవారు ఇంకా ఉన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు స్వరాజ్య పత్రికలో తన సంపాదనంతా పోసి ఆరిపోయారు, తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. లక్నోలో నేషనల్ హెరాల్డ్ నడిపిన కోటంరాజు రామారావుగారు 1952లో రాజ్యసభకి వెళ్ళారు. ఆ పేపరుకే తర్వాత ఏళ్ళ తరబడి సంపాదకుడుగా ఉన్న మానికొండ చలపతిరావుగారు పదవుల జోలికి పోలేదు. హిందీవాళ్ళ నేల మీద ఇంగ్లీషు పత్రికలకి తెలుగువాళ్ళే సంపాదకులు కావడం ఏమిటో! వాళ్ళ గురించి ఇంకోసారి.

చింతామణి తెలుగు నేలకి పూర్తిగా దూరం కాలేదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పిలిస్తే వచ్చి, సిపాయిల తిరుగుబాటు తర్వాతి భారత రాజకీయాల మీద ఉపన్యాసాలిచ్చాడు. విశ్వవిద్యాలయమే 1937లో వాటిని ఇంగ్లీషు పుస్తకంగా వేసింది. 1939లో సర్ బిరుదు వచ్చింది. 1941 జులై 1న పోయాడు. మరో ఆరేళ్ళుంటే స్వాతంత్ర్యం చూసేవాడు. అలహాబాద్ పేరు ఇప్పుడు ప్రయాగ్‌రాజ్ అయింది గాని, అక్కడ రైల్వే స్టేషన్ దగ్గర లీడర్ రోడ్డు పేరు అలాగే ఉంది. మా ఊరివాళ్ళు కాశీకి, త్రివేణికి వెళ్ళినప్పుడు ఆ రోడ్డు మీద రిక్షా ఎక్కే ఉంటారు.

ఈ ప్రసంగం రాసుకున్న కాగితాలు సంచిలో పెట్టుకుని మొన్న భోగాపురం జంక్షన్లో దిగాను. మావ లేడు, ఆ బడ్డీ లేదు. రోడ్డు వెడల్పు చేశాక అది ఎక్కడుండేదో నాకే ఆనవాలు దొరకలేదు. కొత్త టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరు కుర్రాళ్ళు కూర్చున్నారు. ఒకడు ఫోన్లో ఏదో చర్చ చూస్తున్నాడు. నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. రెండోవాడు టీ గ్లాసు కింద పెట్టి, ఫోన్లోకి తొంగి చూసి అడిగాడు.

"ఏ పార్టీ చానెల్రా ఇది?"

మొదటివాడు జవాబు చెప్పలేదు. సౌండు కొంచెం పెంచాడు.